తాళాలక్క తీసేసిన ఫొటో

మా న్యాయ సహాయ కేంద్రంలో వెబ్ సర్వరు చూసుకునే ఆవిడను అందరం తాళాలక్క అంటాం. ఇంట్లో హింస భరించలేక స్త్రీలు మాకు పంపే అర్జీలు దారిలో ఎవరి కంటా పడకుండా, వాటిని రహస్య సంకేతాలుగా మార్చి కాపాడే తాళంచెవులు ఆవిడ అధీనంలో ఉంటాయి. మెట్ల కింద గది ఆవిడది. అక్కడి ఫ్యాను సర్వరు వైపే తిరిగి ఉంటుంది, ఆవిడ వైపు కాదు.

ఏళ్ల క్రితం నెమ్మదైన యంత్రానికని, త్వరగా పనిచేసినా తేలిగ్గా ఛేదించగల పొట్టి తాళంచెవిని ఎంచుకున్నది ఆవిడే. యంత్రం మారినా ఎంపిక మారలేదు. ఎవరూ వేరే చెప్పలేదు గనుక సర్వరు దాన్నే వాడుతూ వచ్చింది. తనకు తెలియకుండా జరిగిన ఎంపికకు అర్జీదారు సమ్మతించిందని ఏ న్యాయశాస్త్రం ఒప్పుకుంటుంది?

"ఇవాళే మార్చెయ్యక్కా. ఇప్పుడు దారిలో పట్టి దాచుకున్న అర్జీని రేపు విప్పేవాళ్లుంటారు," అన్నాను.

"మారుస్తానమ్మా, నా పీక మీద కూర్చోకు. ముందు దీని సంగతి చూడనీ."

ఆవిడ చేతిలో గాజు పగిలిన పాత ఫోను ఉంది. అది ఆవిడ ఆడపడుచుది. మాకు రాసేవారిలో చాలామందివి అలాంటివే.

సర్వరులో పొడవైన తాళంచెవి పెట్టి, ఆ ఫోనులో మా పేజీ తెరిచి చూసింది. తెల్ల తెర ఎంతకీ కదల్లేదు.

"పక్కగదిలో మొగుడున్న మనిషి ఇంతసేపు ఆగుతుందా, లాయరమ్మా?"

ఆగదని తెలుసు. అలాగని పొట్టిదానితోనే సరిపెట్టుకుందామని అనలేకపోయాను. అంతలో పేజీ పైనుంచి మెల్లగా దిగసాగింది: మా కేంద్రం అధ్యక్షుడి పెద్ద ఫొటోలో నుదురు, కళ్లజోడు, మీసం.

"అక్కా, ఈయన లేకపోతే?"

"నా ఉద్యోగం మీదికి తెస్తావే. కిందటేడు ఫొటో చిన్నదైందని వారం రోజులు మాట్లాడలేదాయన."

"నేను చెబుతాను."

"నువ్వు చెబితే వాదన అవుతుంది. నేనే వెళ్తా."

పైకి వెళ్లి ఫోను ఆయన చేతిలో పెట్టింది; నేను వెనకే వెళ్లి గుమ్మం దగ్గర ఆగాను. ఆయన తన రాక కోసం తానే ఎదురుచూస్తూ నిలబడ్డారు.

"ఇదేంటమ్మా, నుదుటి దగ్గరే ఆగిపోయాను?"

"అంతేనండి. అర్జీ రాసే చోటు మీ కింద ఉంది. మీరంతా వచ్చాకే దాని వంతు."

ఆయన ఫోను తిరిగి ఇచ్చేశారు. "తీసెయ్యి," అన్నారు. మళ్లీ పిలిచి, "లోపలి పేజీల్లో ఎక్కడైనా ఉంచు," అన్నారు.

తాళాలక్క కిందికి వచ్చి, ఫొటో తీసేసి, పొడవైన తాళంచెవినే సర్వరు ఎప్పుడూ వాడేలా పెట్టింది. పొట్టిదాన్ని చెరిపేసింది. ఇద్దరం ఆ పాత ఫోను మీదికి వంగాం. పేజీ తెరవగానే అర్జీ రాసే చోటు కనిపించింది.

ఆవిడ ఫోను తుడిచి సంచిలో వేసుకుంది. "వెళ్లి ఇచ్చెయ్యాలి. ఆలస్యమైతే మా ఆడపడుచు మొదటి అర్జీ నామీదే పెడుతుంది."