స్పిరిట్‌తో తుడిచిన కత్తెర

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆవిడకీ ఒకటి ఉండేది. ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టే గదిలో ఇరవయ్యారేళ్లు నర్సుగా పనిచేసేసరికి ఆ పేరు పింఛను కాగితాల్లో తప్ప మరెక్కడా మిగల్లేదు. అందరికీ ఆవిడ స్పిరిటక్కే. దూదిని స్పిరిట్‌లో ముంచి కనిపించినదాన్నల్లా తుడిచేది. కత్తెర తుడిచేది, తలుపు గడియ తుడిచేది, బస్సులో పట్టుకునే కడ్డీ తుడిచేది. ఇంటికొచ్చిన చుట్టాల చేతిలోంచి ఫోన్ తీసుకుని దాన్నీ తుడిచి ఇచ్చేది. చుట్టాలు రావడం తగ్గించారంటే అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఆర్కిడ్ పూలమొక్కల పిచ్చి కూడా ఆ కట్లు కట్టే గదిలోనే పట్టుకుంది. చెయ్యి కాలి నాలుగు నెలలపాటు కట్టు మార్పించుకున్న ఒక వెల్డరు, గాయం మానాక కృతజ్ఞతగా ఒక కుండీ తెచ్చి ఇచ్చాడు. అందులో బొగ్గు ముక్కలూ ఇటుక పెంకులే తప్ప మట్టి లేదు. పాపం, మట్టి వేయడం మరిచిపోయాడనుకుని స్పిరిటక్క దాన్ని నిండా మట్టితో నింపి, పొద్దునా సాయంత్రం చెంబెడు నీళ్లు పోసింది. నెల తిరక్కుండానే వేళ్లు కుళ్లి మొక్క చచ్చిపోయింది. తన చేతిలో ఒక ప్రాణం పోవడమేమిటని ఆవిడకు తల కొట్టేసినట్టయింది. అంతే, పట్టుదల కొద్దీ నేర్చుకుంది. ఈ మొక్కకు మట్టి అక్కర్లేదు, వేళ్లకు గాలి కావాలి. ఆకుల మొదట్లో చుక్క నీరు నిలవకూడదు. మొగ్గ తొడిగిన కుండీని పక్కకు తిప్పితే అలుగుతుంది. పదేళ్లలో మూడో అంతస్తు బాల్కనీలో ఆకుపచ్చ వల కింద అరవై కుండీలు వేలాడాయి. భర్త పోయాక ఇంట్లో ఆవిడతో కాపురం చేసింది ఆ అరవయ్యే.

చెల్లెలు ఆవిడకంటే పదేళ్లు చిన్నది. బేకరీలో కేకుల మీద క్రీముతో పూలు వేసేది. అక్కను చూసి తనూ మొదలుపెట్టింది. చూడబోతే ఆ పిల్లకు శ్రద్ధే లేదు. నీళ్లు గుర్తొచ్చినప్పుడు పోసేది, పేర్లు మరిచిపోయేది, కుండీకి పగులొస్తే తాడు చుట్టి ఊరుకునేది. అయినా చెయ్యి మంచిది. అక్క దగ్గర ఏడాదికోసారి బతిమాలించుకుని పూసే మొక్క చెల్లెలి దగ్గర రెండుసార్లు, అదీ గెలలు గెలలుగా పూసేది. "మీ చెల్లెలికి ఏం హస్తవాసండీ" అని ఎవరైనా అంటే స్పిరిటక్క నవ్వేది. నిజం చెప్పుకోవాలంటే లోపల కాస్త కన్ను కుట్టేది. ఆ కాస్తా లేకపోతే తరవాతి కథ వేరుగా ఉండేదని ఆవిడే ఇప్పుడు ఒప్పుకుంటుంది.

నాలుగున్నరేళ్ల కిందట ఒక సెలవు రోజున చెల్లెలు కుండీలన్నీ మార్చాలంది. మొత్తం ముప్పయ్యెనిమిది. "నువ్వు పాడు చేస్తావు గానీ, నేనొస్తానుండు" అని స్పిరిటక్క తన కత్తెర తీసుకుని బయలుదేరింది. ఆ పొద్దుటే, తోపుడు బండి మీద కొన్న ఒక కొత్త మొక్కకు ఎండిన వేళ్లు ఆ కత్తెరతోనే కత్తిరించింది. చెల్లెలింట్లో మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కో మొక్కనూ కుండీలోంచి తీసి, కుళ్లిన వేళ్లు కత్తిరించి, కొత్త బొగ్గులో పెట్టింది. మొక్కకూ మొక్కకూ మధ్య కత్తెరను స్పిరిట్ దూదితో రెండుసార్లు తుడిచింది. చెల్లెలు కొవ్వొత్తి పట్టుకొచ్చింది.

"ఇవి పెంచే మిగతావాళ్లు కత్తెరను మంటలో కాలుస్తారక్కా."

"వాళ్లకి స్పిరిట్ వాడటం రాక. మేం మనుషుల పుళ్లే దీంతో శుభ్రం చేశాం. మొక్కలొక లెక్కా?"

చెల్లెలు కొవ్వొత్తి తీసుకెళ్లి లోపల పెట్టేసింది. నర్సుకు ఎదురు చెప్పడానికి తనెవరు?

ఏడాది తిరిగేసరికి చెల్లెలి మొక్కల ఆకుల మీద నల్లటి చారలు లేచాయి. పూలు చిన్నవై, రంగు విరిగి, ముడుచుకుపోయి పూశాయి. ఒకటి కాదు రెండు కాదు, ముప్పయ్యెనిమిదింటికీ అదే వరస. అలాంటి చారలే స్పిరిటక్క బాల్కనీలో నాలుగు కుండీలకు వచ్చాయి. బండి మీద కొన్న మొక్క అప్పటికే ఎండి పోతే ఆవిడ మామూలుగా పారేసింది, దాని సంగతి మళ్లీ తలచుకోలేదు. ఆవిడ మనసు తిన్నగా చెల్లెలి మీదికే పోయింది. వారం వారం వచ్చి బేకరీ చేతులతో ప్రతి ఆకునూ తడుముతుంది కదా, ఇంకెలా వస్తుంది? పైగా అంత బాగా పూయించే చెయ్యికి ఒక వంక దొరికింది. పైకి ఎంత బాధపడినా, లోపల ఏ మూలో ఆవిడకు చల్లగా అనిపించింది.

ఆర్కిడ్లు పెంచేవాళ్లంతా నెలకోసారి గ్రంథాలయం పైగదిలో కలుస్తారు. పూసిన కుండీలు తెచ్చి పెద్ద బల్ల మీద పెడతారు. ఆ నెల చెల్లెలు ఒళ్లో కుండీ పెట్టుకుని వెనక కుర్చీలో కూర్చుంది. స్పిరిటక్క లేచి నిలబడింది.

"మా చెల్లెలి కుండీలు బల్ల మీద పెట్టనివ్వకండి. దాని చేతుల్లో ఉంది జబ్బు. నా వాటికి కూడా అంటించింది."

గదిలో ఉన్న పాతిక తలలూ వెనక్కి తిరిగాయి.

"కడుక్కునే ముట్టుకుంటానక్కా," అంది చెల్లెలు మెల్లిగా.

"కడిగితే పోయేది కాదు అది."

ఇరవయ్యారేళ్లు నర్సుగా చేసినావిడ మాటను కాదనేదెవరు? చెల్లెలి పక్కనున్నావిడ తన సంచీ తీసి అటువైపు పెట్టుకుంది. చెల్లెలు కుండీ ఎత్తుకుని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆ వారంలోనే ముప్పయ్యెనిమిది కుండీలూ చెత్తబండికి ఎక్కించేసిందని తరవాత తెలిసింది. అక్క ఇంటికి రావడం మానేసింది. చెల్లెలి కూతురికి ఆడపిల్ల పుట్టినప్పుడు కూడా కబురు వేరేవాళ్ల ద్వారానే వచ్చింది. స్పిరిటక్క ఆసుపత్రికి వెళ్లి, చెల్లెలు లేని సమయం చూసి, పాపను చూసి వచ్చింది. తప్పు చేసినవాళ్లే ముందు పలకరించాలని భీష్మించుకుని మూడేళ్లు కూర్చుంది.

మొన్న వేసవి ముందు ఆ పైగదికే మొక్కల తెగుళ్ల గురించి పాఠాలు చెప్పే మాస్టారొకాయన వచ్చాడు. స్పిరిటక్క ముందు వరసలో కూర్చుంది. ఆయన నల్ల చారలున్న ఆకు బొమ్మ ఒకటి చూపించి, ఇది కత్తెర మీద అంటిన రసంతో పాకే వైరస్ అన్నాడు.

"చాలామంది కత్తెరను స్పిరిట్‌తో తుడిచి ఊరుకుంటారు. దాంతో ఈ వైరస్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదండీ. మంటలో కాల్చాల్సిందే. లేకపోతే కోసిన ప్రతి మొక్కకీ మన చేత్తో మనం అంటించినట్టే."

స్పిరిటక్క చెయ్యెత్తి, "మరి ఆకుల్ని ఊరికే ముట్టుకుంటే?" అని అడిగింది.

"ఆకు చిట్లకుండా ఉంటే ఏమీ కాదు. భయం లేదు."

మాస్టారు తరవాతి బొమ్మకు వెళ్లిపోయాడు. స్పిరిటక్క మాత్రం నాలుగేళ్ల కిందటి మధ్యాహ్నం దగ్గరే ఆగిపోయింది. తోపుడు బండి మొక్క, ఆ తరవాత చెల్లెలి మొదటి కుండీ, రెండోది, మూడోది. ముప్పయ్యెనిమిదింటినీ తనే వరసగా కూర్చుని చంపింది. ఆపైన ఇంటికొచ్చి తన నాలుగింటికీ అదే కత్తెర పెట్టింది. కొవ్వొత్తి పట్టుకొచ్చినదాన్ని వెనక్కి పంపింది కూడా తనే. ఆ గదిలోనే, అందరి ముందే లేచి చెప్పాల్సింది. చెప్పకుండానే ఇంటికొచ్చేసింది.

వెంటనే వెళ్లి చెప్పిందా అంటే అదీ లేదు. మనిషన్నాక సాకులకు కొదవా? ఎండలు తగ్గనీ అనుకుంది, మోకాళ్లు నెమ్మదించనీ అనుకుంది. పోయిన మొక్కలు ఎలాగూ తిరిగి రావు, ఇప్పుడు చెప్పి ఏం లాభమని కూడా అనుకుంది. అలా ఏడు నెలలు గడిపింది. ఈలోగా కత్తిని ఎర్రగా కాల్చి, తన మొక్కల్లోకెల్లా మంచిదాన్ని చీల్చి చెల్లెలి కోసం ఒక కుండీ తయారు చేసింది. దానికి పూల కాడ వచ్చి, మొదటి పువ్వు విచ్చుకున్న రోజున ఇక తప్పించుకోలేక బేకరీకి వెళ్లింది.

వెనక గదిలో చెల్లెలు మూడంతస్తుల కేకు మీద గులాబీలు వేస్తోంది. చేతులకు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. అక్కను చూసి చెయ్యి ఆపింది.

"ఏంటక్కా ఇలా వచ్చావ్?"

స్పిరిటక్క కూర్చోలేదు. కుండీ పట్టుకునే మొత్తం చెప్పేసింది. బండి మొక్క సంగతి, కత్తెర సంగతి, మాస్టారు చెప్పింది, ఏడు నెలలు దాచింది. ఆ రోజు పైగదిలో నిన్ను అన్నప్పుడు నాకు లోపల కాస్త హాయిగా కూడా అనిపించిందే అని, ఎవరూ అడగని ఆ ముక్క కూడా చెప్పింది.

"అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట," అంది చెల్లెలు.

"బాగున్నాయే. మొదట్నుంచీ బాగానే ఉన్నాయి. వచ్చే ఆదివారం అందరి ముందూ చెప్తాను. నువ్వూ రా. ఇదిగో, ఇది నీ కోసం తెచ్చాను."

"అక్కడ పెట్టు." చెల్లెలు కుండీ వైపు చూడలేదు. "మొక్కలు పోతే పోయాయిలే అక్కా. ఏడ్చాను, ఊరుకున్నాను. పాప పుట్టినప్పుడు అమ్మాయి దాన్ని నా చేతికివ్వబోతే, నడుం నొప్పని చెప్పి చేతులు వెనక్కి పెట్టుకున్నాను."

స్పిరిటక్కకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుండీ కింద పెట్టేసింది.

"మొక్కల జబ్బు మనుషులకి రాదు కదే. ఆ మాత్రం తెలీదా నీకు?"

"తెలుసు. ఒక డాక్టర్ని కూడా అడిగాను, నవ్వాడు. అయినా నువ్వు కడిగితే పోయేది కాదన్నావ్. నువ్వు చెప్పాక ఇంకెవరు చెప్పినా నాకు ధైర్యం రాలేదు. దానికి ఒక్కరోజు నీళ్లు పోయలేదు, ఒక్కరోజు జోకొట్టలేదు. అమ్మాయి నాకు మనవరాలంటే ఇష్టం లేదనుకుంది. ఇప్పటికీ అలాగే అనుకుంటోంది."

"నేను మాట్లాడతాను అమ్మాయితో. ఇవాళే వెళ్తాను. నువ్వు ఆ తొడుగులు తీసెయ్యి, పద, వెళ్లి తనివితీరా ఎత్తుకో."

చెల్లెలు క్రీము గొట్టం మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆగిపోయిన గులాబీకి ఇంకో రెక్క వేసింది.

"దానికి మూడో ఏడు వచ్చిందక్కా. ఇప్పుడు ఎవరెత్తుకున్నా దింపెయ్యమని కాళ్లు కొట్టుకుంటుంది."