మస్తాన్ గారి కత్తికి మెరుగు

2023 జూన్. బక్రీద్‌కు ఇంకా వారం పైనే ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో మాది రేకుల షెడ్డు. వానలు మొదలుకాని ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట అందులో కూర్చోవడం కష్టం. అయినా నేను అక్కడే ఉండేవాణ్ని. ఆ ఏడు మాఘంలో నా భార్య పోయింది. కర్మలయ్యాక మా మరదలు ఇల్లంతా తోమి, కడిగి, సర్ది వెళ్లింది. అంత శుభ్రమైన ఇంట్లో కంటే షెడ్డులో ఉండటమే నాకు నయంగా అనిపించేది.

నా పని డై పాలిషింగ్. ప్లాస్టిక్ మూతలు, డబ్బాలు తయారయ్యే ఉక్కు అచ్చును డై అంటారు. అచ్చులో ఒక్క గీత ఉన్నా ప్రతి మూత మీదా ఆ గీత పడుతుంది. అందుకని దాన్ని అద్దంలా నున్నగా చేయాలి. దాన్నే మిర్రర్ ఫినిష్ అంటారు. మిషను మీద కొంతవరకే అవుతుంది, మిగిలింది చేత్తో చేయాల్సిందే. కత్తులు నా దగ్గరకు రావు. వాటికి సాన పట్టేవాళ్లు వేరే ఉన్నారు.

జుబేదా గారు ఎవరో చెబితే వచ్చారు. పటమటలో మటన్ దుకాణం నడిపిన మస్తాన్ గారి భార్య ఆవిడ. ఆయన ఆ చలికాలంలోనే పోయారు. భర్త పోయాక నాలుగు నెలల పైచిలుకు గడప దాటకూడదని వాళ్ల నియమం. ఆ గడువు తీరాక బయటికొచ్చి చేస్తున్న మొదటి పని ఇదేనని చెప్పి, పాత తువ్వాలులో చుట్టిన కత్తిని బల్ల మీద విప్పారు.

లారీ కమాను కట్టను సాగగొట్టించి చేయించిన కత్తి. అంచు మాత్రం తెల్లగా, రెండు పక్కలూ నల్లగా ఉన్నాయి. ఏటా బక్రీద్‌కు వాళ్ల వీధిలో ఖుర్బానీ మస్తాన్ గారే చేసేవారట. ఈసారి ఆయన పేరు మీద ఒక మేకపోతును ఖుర్బానీ ఇవ్వాలని ఆవిడ అనుకున్నారు. కోసేది మరిది కరీం. కత్తి మాత్రం ఆయనదే కావాలి.

“ఆఖర్లో ఆయనకి ఓపిక లేదండీ అన్నయ్యగారూ, దీన్ని పట్టించుకోలేదు. ఎలా నల్లబడిపోయిందో చూడండి. నలుగురి ముందు తీసే వస్తువు. మస్తాన్ కత్తి ఇలా ఉందేంటని ఎవరూ అనకూడదు” అన్నారు.

అద్దంలా చేయగలరా అని అడిగితే చేయగలనన్నాను. బఫ్ చక్రం మీద పెడితే నిమిషాల్లో మెరుస్తుంది గానీ, ఆ వేడికి అంచులో పదును నిలిచే గుణం పోతుంది, చేత్తో చేయడమే మంచిదని చెప్పాను. పండగ లోపల ఇస్తే చాలన్నారు.

కత్తిని చెక్కకు బిగించి, అంచుకు టేపు అంటించి, నీళ్లు చల్లుతూ ఎమరీ పేపరుతో మొదలుపెట్టాను. పేపరు గరుకును గ్రిట్ అంటారు. అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ఒక గ్రిట్‌తో నిలువుగా రుద్దితే తరువాతి దానితో అడ్డంగా రుద్దాలి. పాత గీతలు మిగిలాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఒక్క గీతను వదిలేసి ముందుకు పోతే చివరి మెరుపులో అది బయటపడుతుంది, మళ్లీ వెనక్కి రావాలి. ఆఖరున వజ్రపు పొడి కలిసిన డైమండ్ పేస్టును ఫెల్టు గుడ్డ ముక్కతో రుద్దాలి. నలుపు మొదటి పేపరుకే పోయింది. మిగిలిన శ్రమంతా నేను పెట్టిన గీతల్ని నేనే తుడవడం. ఆ రోజుల్లో నాకు అలాంటి పనే కావాలి.

పూర్తయ్యాక దినపత్రికను పక్కన నిలబెట్టి చూశాను. అక్షరాలు తిరగబడి, కానీ ఒక్కటీ అలుక్కుపోకుండా కనిపించాయి.

తీసుకెళ్లడానికి ఆవిడ కరీంను వెంటబెట్టుకుని వచ్చారు. వేలిముద్ర పడుతుందని కొంగుతో పట్టుకుని చాలాసేపు చూశారు. ఇప్పుడు బాగుందన్నారు.

“పెళ్లికొడుకులా తయారుచేశారే మాస్టారూ. ఇందులో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు” అని కరీం నవ్వాడు. తలుపు దగ్గరి ఎండలో దాన్ని అటూ ఇటూ తిప్పాడు. వెలుగు ముక్క ఒకటి పై రేకుల మీద పరిగెత్తింది. అతను దాన్నే చూస్తూ నవ్వడం మానేశాడు. కత్తిని తువ్వాలు మీద పెట్టేశాడు.

“భాభీ, దీంతో నేను కొయ్యలేను.”

ఎందుకని అడిగారు ఆవిడ. నా ముందు కాబట్టి ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకున్నారు.

“మేకకి కత్తి చూపించకూడదు గదా. అన్న వీపు వెనక పెట్టుకుని వచ్చేవాడు. అయినా ఎండకి తళుక్కుమంటే బెదురుద్దని దీన్ని మెరవనిచ్చేవాడు కాదు. ఎక్కడన్నా తెల్లబడితే మళ్లీ నల్లబడాలని చింతపండు రాసేవాడు. ఇందులో మన మొహం కనపడతంది. దానికి దాని మొహం కనపడదా?”

“జబ్బు చేశాకే గదా ఇది నల్లబడింది?”

“ముందు నుంచీ అంతే భాభీ. ఎప్పుడూ దుకాణంలోనే ఉండేది, నువ్వెప్పుడు చూశావని?”

ఆవిడ కోత జరిగే చోటికి ఎన్నడూ వెళ్లలేదట.  ఆవిడ కరీంను కాదు, నన్ను అడిగారు.

“అంటే ఆయన చేసిపెట్టుకున్నదంతా నేను తుడిపించేశానా అండీ?”

 తన కత్తితో కోస్తానని, దీన్ని గోడకి తగిలించుకోమని కరీం అన్నాడు. ఆయన పేరు మీద ఇచ్చే ఖుర్బానీకి ఆయన కత్తి లేకపోతే ఎలా అని ఆవిడ ఒప్పుకోలేదు.

గరుకు పేపరుతో మెరుపు తీసేసి చింతపండు పట్టిస్తే ఇలాంటి ఉక్కు గంటలో నల్లబడుతుందని చెప్పాను.

“అదే నలుపు వస్తుందా?”

“చూడ్డానికి అలాగే ఉంటుందండీ.”

ఆవిడ తీసేయమన్నారు. అన్ని రోజుల మెరుపు తీయడానికి టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. కరీం పక్క హోటల్‌కి వెళ్లి చింతపండు తెచ్చాడు. నేను చేయి చాపితే ఆవిడ ఇవ్వలేదు. స్టూలు మీద కూర్చుని తనే కత్తి రెండు పక్కలా పట్టించారు. ఉక్కు ముందు బూడిదరంగుకు తిరిగింది, తరువాత నల్లబడింది. కడిగి తుడిచి కరీం మళ్లీ ఎండలో తిప్పి చూశాడు. ఈసారి రేకుల మీద ఏమీ పడలేదు. “ఇప్పుడు అన్నదే” అన్నాడు.  చేతులు కడుక్కోవడానికి నేను నీళ్లు పోశాను. గోళ్ల సందుల్లో నలుపు పోలేదు.

పండగయ్యాక కరీం ఫోన్ చేశాడు. అన్న కత్తితోనే కోశానని, మేకపోతు బెదరలేదని చెప్పాడు. భాభీ ఈసారి వచ్చి చూసిందని కూడా చెప్పాడు.

అప్పటి నుంచి ఏ వస్తువు మెరుగుకు వచ్చినా, ఇది ఎలా నల్లబడిందని ముందు అడుగుతాను. తుప్పని కొందరంటారు, చాలామంది తెలియదంటారు. అయినా అడుగుతాను.

మా మరదలు ఆ రోజు తోమిన సామానులో నా భార్య దోసెల పెనం కూడా ఉంది. మసి పట్టిందనుకుని తెల్లగా వచ్చేదాకా తోమింది. నేనప్పుడు మంచి పని చేశావన్నాను. దాని మీద దోసె ఇప్పటికీ అంటుకుపోతుంది. నూనె రాసి కాలుస్తూ పోతే నల్లబడుతుందని నాకు తెలుసు. ఇంకా మొదలుపెట్టలేదు.