కత్తెర కింద రెండో పొర

ఊలక్క స్వెట్టరుకు కత్తెర పెట్టడం మొదటిసారి చూసినవాళ్ళు ఒక్కరూ కుదురుగా కూర్చోలేదు. నెలల తరబడి నడుము విరిగేలా కూర్చుని అల్లినదాన్ని మెడ దగ్గర్నుంచి కింది అంచు దాకా నిలువునా కోసేస్తుంటే ఎవరికి మాత్రం గుండె ఆగినంత పని కాదు? పక్కింటి టైలరు రోజూ గుడ్డలు కోసేవాడై ఉండి కూడా కళ్ళు మూసుకున్నాడు. మొగుడైతే పెళ్ళయిన కొత్తలో, తన మీది కోపంతోనే పెళ్ళాం స్వెట్టరు చీల్చేస్తోందనుకుని, చేయని తప్పుకు క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. ఆ క్షమాపణను ఊలక్క వద్దనలేదు. ఊరికే వచ్చినదాన్ని ఎందుకు వదులుకోవాలి?

వీధంతా ఆమెను ఊలక్క అనే పిలుస్తారు. చివరికి మొగుడూ అంతే. పెళ్ళాన్ని అక్క అనడమేమిటని ఎవరైనా నవ్వితే, "ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతుంది, నన్నేం చెయ్యమంటారు?" అంటాడు.

కోయడంలో మర్మమేమీ లేదు. రంగురంగుల ఊలుతో బొమ్మ తేలేలా అల్లేటప్పుడు ఆ బొమ్మ ఎప్పుడూ కళ్ళ ముందే ఉండాలి, పని తిరగెయ్యకూడదు. అందుకని ఆమె స్వెట్టరు ఒంటిభాగమంతా దిండు గలీబులా గుండ్రంగా అల్లుకుపోతుంది. ముందు భాగం నడుమ కొన్ని కుట్లు ఎక్కువ వేసి, వాటికి అటూ ఇటూ సన్నదారంతో బిగించి, ఆ మధ్యన కోస్తే గొట్టం కాస్తా ముందు తెరుచుకునే స్వెట్టరవుతుంది. అసలైన గొర్రె ఊలు కనుక పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, కోసినా ఊడిపోవు. ప్రమాదమంతా వెనక పొరతోనే. అది ముడత పడి కత్తెర కిందికి ఎక్కిందంటే వీపు తెగుతుంది.

అందుకే పని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు రెండు పొరల మధ్య అట్ట పెట్టుకోమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంది. తాను మాత్రం పెట్టదు. ఎడమచెయ్యి లోపలికి పోనిచ్చి, కత్తెర కింద వేళ్ళు పరచుకుని నడిపిస్తుంది. వేళ్ళ మీద ఒక పొర ఉందా, రెండున్నాయా అన్నది చూడక్కర్లేదు, తెలిసిపోతుంది. "నా చెయ్యే నాకు అట్ట" అనేది. ఆ మాటలో కొంచెం గర్వం ఉండేది. ఉంటే ఉండనివ్వండి, దానికి తగ్గ పనితనమే ఆమెది.

ఈసారి స్వెట్టరు చెల్లెలికి. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, పెళ్ళిళ్ళ ఫోటోల్లో కూడా అందరినీ లోపలికి జరగమంటుంది. ఆమెకు నడక రాకముందే అమ్మ పోయింది. మిగిలింది ఒక్క నలుపు తెలుపు ఫోటో. అందులో అమ్మ మిల్లు గేటు ముందు సైకిలు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఒంటి మీద స్వెట్టరు, ఛాతీకి అడ్డంగా పిట్టల వరస.

"పిట్టలు నాకూ కనబడుతున్నాయక్కా. ఏ రంగువో నీకొక్కదానికే తెలుసు. అలాంటిది నాకొకటి అల్లిపెట్టవా?" అని అడిగింది. అడగక అడగక అడిగిన కోరిక.

ఊలక్కకు ఆ రంగులు నిన్న చూసినట్టే ఉన్నాయి. స్వెట్టరంతా ఇటుక రంగు, పిట్టలు మీగడ రంగు, రెక్కల కింద మాత్రం ఆవపువ్వు పసుపు. ఆ పసుపు కోసం ఊలు కొట్టువాడి ప్రాణం తోడేసింది. వరస పూర్తయ్యాక మొగుడు కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "కోళ్ళు బాగా కుదిరాయి," అన్నాడు.

"మీకు ఏ పిట్టయినా కోడే. తిండి యావ అలాంటిది," అంది.

కోసే రోజు పొద్దున కిటికీ పక్క బల్ల మీద స్వెట్టరు పరిచింది. చెల్లెలు ఎదురుగా కూర్చుని, "నేను చూడలేనక్కా," అంటూనే వేళ్ళ సందుల్లోంచి చూసింది. ఎడమచెయ్యి లోపలికి వెళ్ళింది. కత్తెర కరకరమంటూ పిట్టల వరస దాటింది, నడుము దాటింది, అంచు దిగింది. దారిలో ఒకచోట కాస్త బరువుగా నడిచినట్టు కుడిచేతికి అనిపించింది. ఎడమచెయ్యి ఏమీ అనలేదు. ఊలక్క ఎడమచెయ్యినే నమ్మింది.

"అయిపోయింది. వేసుకో," అంది.

చెల్లెలు వెనక్కి తిరిగి నిలబడి చేతులు దూర్చింది. వీపు నడుమ జానెడు మేర ఊలు విచ్చుకుని, లోపలి చొక్కా కనబడింది.

ఊలక్క కళ్ళకు కనబడుతోంది గానీ బుర్రకు ఎక్కడం లేదు. తన స్వెట్టరుకు అక్కడ కంత ఉండడమేమిటి? అక్కడ తానేమీ కొయ్యలేదే. తెగిన కుట్లు నోళ్ళు తెరుచుకుని ఆమెకేసే చూస్తున్నాయి. బల్ల అంచు పట్టుకుంది.

"ఏమైందక్కా? బిగువుగా ఉందా?" అంది చెల్లెలు, అటు తిరిగే.

టీ గ్లాసులతో వస్తున్న మొగుడు మరదలి వీపు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

చెల్లెలు స్వెట్టరు విప్పి, తిప్పి చూసుకుంది. తేరుకుని, "పోనీలే అక్కా, కుట్టేస్తే సరి. నా వీపు నాకెలాగూ కనబడదు," అంది.

"స్వెట్టరు గొడవ కాదే." ఊలక్క గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "వీపు విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు. రెండు పొరలు నా వేళ్ళ మీదే తెగాయి. నాకు తెలియలేదు."

అన్నాక ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. అల్లుతూ వీధిలోకి చూడడం ఈ చలికాలం మానేసింది, సూదుల మీంచి చూపు తిప్పలేదు. పిట్టల పని కదా, మామూలే అనుకుంది. పొగలు కక్కే టీ గ్లాసు అలాగే పట్టుకు కూర్చుంటే, "నీవి ఇనప చేతులు," అని మొగుడు నవ్వాడు, తనూ నవ్వింది. వేళ్ళు మొద్దుబారినట్టుంటే తప్పంతా చలి మీదికి నెట్టేసింది. అంటే ఈ స్వెట్టరు అల్లింది కళ్ళు. వేళ్ళు మాటామంతీ లేకుండా ఎప్పుడో తప్పుకున్నాయి. ఆమెకు భయమేసింది. అమ్మ రంగులు తలలో ఎన్ని ఉంటే ఏం, బయటికి తియ్యాల్సింది ఆ వేళ్ళే కదా.

"చలికి అంతేలే. టీ తాగు, వేడెక్కుతాయి," అన్నాడు మొగుడు. అతను అంత మెత్తగా మాట్లాడడం ఆమెను ఇంకా బెదరగొట్టింది.

"ఉండండి, తేల్చుకుంటాను." రంగులు కుదురుతాయో లేదో చూడడానికి ముందుగా అల్లిన చిన్న ముక్కలు రెండు తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. "నేను కళ్ళు మూసుకుంటాను. నా వేళ్ళ మధ్య ఒకటైనా పెట్టు, రెండైనా పెట్టు. ఎన్నో నేను చెబుతాను."

"ఇప్పుడెందుకక్కా?"

"పెట్టవే."

కళ్ళు మూసుకుని ఎడమచెయ్యి చాచింది. బొటనవేలూ మిగతా వేళ్ళూ దగ్గరికి నొక్కి చూసి, "రెండు," అంది.

"ఒకటక్కా."

"ఒకటేనా? సరిగ్గా పెట్టావా?"

"ఒకటే పెట్టాను."

"సరే, ఇంకోసారి."

చెల్లెలు ముక్కను వేళ్ళలోంచి లాగేసుకోవడం చెయ్యి కదిలిన ఊపును బట్టే తెలిసింది. ఈసారి ఊపిరి బిగబట్టి, ప్రాణమంతా వేళ్ళలోకి తెచ్చుకుని నొక్కింది. తెలిసింది. పలచగా, కాస్త గరుగ్గా, అసలైన ఊలు. అనుమానమే లేదు. గుండె మీంచి బరువు దిగినట్టయింది.

"ఒకటి," అంది ధీమాగా. "ఒకటే పొర. అవునా?"

చెల్లెలు బావకేసి చూసింది.

"అవునో కాదో చెప్పవే."

"నేనింకా పెట్టలేదక్కా," అంది చెల్లెలు.