వీపు మీద రెండు ముళ్లు

కావలి బస్సులో నా పక్కన చేపలమ్మే ఆమె ఖాళీ గంపను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నేను ఫోన్‌లో ఒక సొరచేప ఫొటో చూసుకుంటున్నాను. దాని పొడవు, బరువు, దొరికిన లోతు, పళ్ల వరసలు అన్నీ రాసుకుని, చివర ‘ఈ తీరంలో తొలిసారి’ అని చేర్చాను. నా పేరుతో అచ్చు కాబోయే మొదటి వ్యాసం అది.

ఆమె తొంగి చూసింది. "దీన్నెందుకు ఫొటో తీసినావు?"

"ఇక్కడ ఎవరూ చూడని సొర అమ్మా."

"ఎవురూ అంటే ఎవురబ్బయా? మా మామ దీని కార్జం నూనె పడవకు పూసేవాడు."

నాకు ఒళ్లు మండింది. "పదకొండు మరపడవల వాళ్లను అడిగాను. ఎవరూ చూడలేదన్నారు."

"కోసేది ఆడోళ్లం. మమ్మల్నడిగినావా?"

"ఆధారం ఏముంది?" అని గట్టిగానే అన్నాను.

"వీపు మీద రెండు ముళ్లుండాయా, లేదా?"

ఉన్నాయి. కానీ ఫొటోలో పొట్ట వైపే కనిపిస్తోంది. ఆమె కుడి అరచేయి నా ముఖం ముందు చాపింది. మధ్యలో పాత మచ్చ ఉంది. "పెళ్లయిన కొత్తలో కోస్తా ఉంటే ఆ ముల్లే దిగింది. మీరు చూస్తేనే చేప పుట్టినట్టా?"

అలవాటుగా బ్యాగులోంచి స్కేలు తీశాను.

"నన్నూ కొలుస్తావా?" అంటూ ఆమె చేయి లాక్కుంది.

ఆ సాయంత్రం వ్యాసంలో ‘చేపలు కోసే ఆడవాళ్లకు ఇది ముందే తెలుసు’ అని రాశాను. ఆమె చేతి మచ్చ సంగతి చెబితే, అది ఆధారం కాదంటూ నా పరిశోధన చూసే మా సార్ ఆ వాక్యం కొట్టేశారు. అయితే నా పేరు కూడా కొట్టేయమన్నాను.