పెట్టెలోకి పోయిన చేతిసంచి

ఎనభైల మొదట్లో మా ఆయనకు అండమాన్‌లో ఉద్యోగం వచ్చింది. ఆళ్లగడ్డలో పెరిగిన నేను ఓడ మాట వినడమే గానీ చూసింది లేదు. అయినా ఏడాది పిల్లతో ప్రయాణం కదా అని దాని గుడ్డలు, తువ్వాలు, నాకో చీర, వాంతులొస్తే నాకడానికి నిమ్మకాయ ఊరగాయ సీసా ఒక చేతిసంచిలో సర్దుకున్నాను. బయల్దేరేటప్పుడు ఆయన ఆ సంచిని ఇనప్పెట్టెలో కుక్కి తాళం వేశారు.

“దావలో బిడ్డకు కావాలబ్బా!” అన్నాను.

“చేతిలో మూటేందిమే, చూసినోళ్లు నవ్వుతారు. పెట్టె యాడికి పోతాది? బస్సు టాపు మీద ఉన్నట్టు మనతోనే ఉంటాది” అన్నారు.

మద్రాసు రేవులో ఆ పెట్టెను ఓడ అడుగున సామాన్ల గదిలో పడేశారు. దిగేదాకా తియ్యరట! పిల్ల వాంతులన్నీ నా మీదే. మూడు రోజులు ఆ కంపు చీరతోనే ఉన్నాను. ఆయనేమో పైన నిలబడి సముద్రం చూస్తూ, “గాలికి ఆరిపోతాది లేమే” అని సలహా ఇచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది.

పోర్టుబ్లెయిర్‌లో పెట్టె తెరిస్తే సీసా పగిలి, ఆయన తెల్ల చొక్కాలన్నీ ఊరగాయ నూనె!

“బిరీన ఉతుకుమే, రేపే డ్యూటీలో చేరాల” అన్నారు.

“నువ్వే ఉతుక్కోని బస్సు టాపు మీద ఆరేసుకోపో!” అన్నాను.

ఇప్పటికీ నంద్యాల బస్సెక్కినా నా సంచి నా ఒళ్లోనే ఉంటుంది. అదెందుకని అడిగే ధైర్యం ఆయనకు లేదు.