కమాండరు గారి శుభలేఖ

అక్క పెళ్లి కుదిరిన రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ చిక్కుకైనా ఎక్కడో ఒక పేజీలో జవాబు రాసే ఉంటుందని. మనుషుల్ని అడగడం కన్నా చదువుకోవడం నాకు తేలిక. (పక్కింటికి వెళ్లి పెరుగు తోడు అడగాలన్నా గుమ్మం దాకా వెళ్లి, చెప్పుల చప్పుడు వినబడగానే వెనక్కి వచ్చేసే రకాన్ని.) అందుకే శుభలేఖల మీద పేర్లు రాసే పని నాకప్పగించినప్పుడు ఎంతో సంతోషించాను. మాట్లాడక్కర్లేని పెళ్లిపని అదొక్కటే కదా!

కాబోయే బావ సబ్బవరం అబ్బాయి, నేవీలో సెయిలర్. పెళ్లికి ముందు ట్రైనింగుకని కొచ్చి పంపించారు. అక్కడినుంచి ఫోన్ చేసి, "మరదలా, మీ ఊళ్లోనే ఉన్న మా కమాండర్ సారుకి కార్డు మీరే ఇచ్చి రావాలి. మా నాన్నకి ఆఫీసర్లంటే బెదురు. సారు గానీ పెళ్లికొస్తే మా అమ్మ ఊరంతా సెప్పుకుంటాది. ర్యాంకు సరిగ్గా రాయి తల్లీ, తప్పయితే నాను సారు మొకం సూడలేను!" అన్నాడు.

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. సైనికాధికారులకు పెళ్లి పిలుపు ఎలా పంపాలో ఇంటర్నెట్‌లో వెతికితే ఏదో దూరదేశపు మర్యాదల పేజీ దొరికింది. హోదాని కుదించి రాయకూడదు, పేరుకి ముందే రావాలి, సిరా నల్లగా ఉండాలి, కవరు మీద అలంకారాలూ మరకలూ ఉండకూడదు. ఇవన్నీ డైరీలో ఎక్కించుకుని, నాలుగు కవర్లు పాడుచేసి, ఐదోదాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో 'కమాండర్' అని ఇంగ్లీషులో రాశాను. అది ఆరేలోగా అమ్మ పసుపు గిన్నెతో వచ్చింది.

"దానికీ నాలుగు మూలలా పసుపు పెట్టవే."

"వద్దమ్మా. మిలటరీ వాళ్లకి మరకలుండకూడదు."

"పసుపు మరకేంటే? పెళ్లి కార్డుకి పసుపు లేకపోతే ఎలా?"

"నీకు తెలీదమ్మా, వాళ్ల పద్ధతులు వేరు," అన్నాను, అప్పటికి నాలుగు యుద్ధనౌకలు నడిపినదానిలా. మా నాన్నది గోదావరి జిల్లా, ఉద్యోగం స్టీల్‌ప్లాంటులో. ఆఫీసరనే మాట వింటే చాలు, ఇంట్లో కూడా చొక్కా గుండీ పెట్టుకుంటారు. ఆయన కూడా, "చదువుకున్న పిల్ల చెబుతోంది కదా, వదిలెయ్యి," అన్నారు. అలా మిగతా కార్డులన్నీ పసుపు పూసుకున్నాయి. కమాండరు గారిది మాత్రం ప్లాస్టిక్ కవర్లో తెల్లగా, శుభ్రంగా కూర్చుంది.

మర్నాడు సాయంత్రం నాన్నా నేనూ నేవీ క్వార్టర్స్‌కి వెళ్లాం. గేటు దగ్గరినుంచి మెట్ల దాకా "గుడ్ ఈవినింగ్ సర్" అని లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. తలుపు తీసింది కమాండరు గారి తల్లి. శ్రీకాకుళం వైపు మనిషి, నేత చీర, వేలికి వెండి ఉంగరం. వెనకాలే ఆయన, ఆరడుగుల మనిషి. నా గుడ్ ఈవినింగ్ గొంతులోనే ఉండిపోయింది. రెండు చేతులతో కార్డు చాచాను. ఆయన అందుకునేలోపే ఆవిడ తీసుకుని ఒక మూల చూసింది, ఇంకో మూల చూసింది, తిప్పి చూసింది. మొహం మారిపోయింది.

"ఓలమ్మా! పసుపేదే? ఎవులికేటయిందే?"

పసుపు లేని కార్డు ఏ కబురుకి పంచుతారో నాకు అప్పుడు గుర్తొచ్చింది. కమాండరు గారు నాన్న భుజం పట్టుకుని, "మా కుర్రాడు బాగానే ఉన్నాడా? పొద్దున్నే మాట్లాడానే!" అన్నారు. నాన్న "పెళ్లేనండి, పెళ్లేనండి" అంటున్నారు గానీ, ఆ కంగారు గొంతుతో అది ఇంకా పెద్ద ఆపదలాగే వినిపిస్తోంది. బావకి సారు మొకం కాదు, ఇక ఎవరి మొహమూ చూడక్కర్లేకుండా చేశాననుకున్నాను.

"అది... మిలటరీ వాళ్లకి మరకలుండకూడదని... చదివానండీ," అన్నాను. ఆ ఇంట్లో నేను మాట్లాడిన మొదటి వాక్యం అది.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది, గోడ పట్టుకుని మరీ.

"మిలట్రీవోడయితే ఏటే పిల్లా? ఈడు నా కడుపున పుట్టలేదేటి? ఈడి పెళ్లికి కార్డులన్నిటికీ పసుపు రాసింది నానే!" అని దేవుడి గదిలోంచి గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. "రాయి. నాలుగు మూలలా. బెదరకు."

వేలు పసుపులో ముంచాను. మూడు మూలలు బాగానే వచ్చాయి. నాలుగోదానికి వెళ్లే దారిలో పెద్ద చుక్క ఒకటి జారి, నేను అంత నేర్చుకుని రాసిన 'కమాండర్' మీద సరిగ్గా పడింది. సిరా, పసుపు కలిసి ఆ హోదా ఏదో పచ్చడిలా తయారైంది. ఆయన కార్డు కళ్లకెదురుగా పట్టుకుని చూసి, "ఇప్పుడు పెళ్లి కార్డులా ఉందమ్మా," అన్నారు. నేను తల ఎత్తలేదు. వాళ్లమ్మగారే, "నానొస్తాను పెళ్లికి. ఈడిని కూడా తెస్తానులే," అంది.

తెచ్చింది కూడా. బావ చెయ్యి అక్క తలమీద జీలకర్రా బెల్లంతో ఉంది. తన తల్లి వెనకాల పట్టుపంచెలో కమాండరు గారు మండపం దగ్గరికి రాగానే, బావ ఉన్నపాటున నిటారుగా లేచి నిలబడ్డాడు. పంతులుగారు "బాబూ, చెయ్యి! చెయ్యి తియ్యకూడదు!" అని అరుస్తుంటే అక్క కూడా సగం లేచింది. ఆ పెద్దావిడ బావ భుజం నొక్కి కూర్చోబెట్టింది. "కూకోరా నాయినా. ఈయాల నువ్వే పెద్దాఫీసరువి. ఈడే నీకు దణ్ణం ఎట్టాలి." సబ్బవరం జనమంతా ఘొల్లున నవ్వారు. కమాండరు గారు బుద్ధిగా అక్షింతలు వేశారు. బావ వాళ్లమ్మ మాత్రం నవ్వలేదు, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఆయన్నే చూస్తోంది.

ఇప్పుడు నేనూ ఉద్యోగం చేస్తున్నాను. తెలియనివి అడగడం కాస్త అలవాటైంది. అయినా అప్పుడప్పుడు ఆ పిల్ల గుర్తొస్తుంది, దీపం దగ్గరగా జరుపుకుని, నాలిక కొస బయటపెట్టి, ఊపిరి బిగబట్టి కవరు మీద పేరు రాస్తున్న పిల్ల. దానిమీద కోపం రాదు. అంత శ్రద్ధగా తప్పు చెయ్యడం ఇప్పుడు నాకు చేతకాదు.