గోడ మీద బర్రె బొమ్మ

మీ ఇంట్లో గోడకు తగిలించిన పటం వెనుక ఏముందో ఎప్పుడైనా చూశారా? నిన్న మా గదిలో ఒక పటం దించితే తడిసిన సున్నం వాసన వచ్చింది. పురానాపూల్ దగ్గరి మా పాత ఇల్లు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఆ ఇంటి గోడలో పైపు కారి పెద్ద చెమ్మ మరక లేచింది. అందులో అమ్మవారి ముఖం కనిపిస్తోందని పక్కింటి బాలమణి పసుపు పూసింది. వారం తిరక్కముందే వాడకట్టంతా వచ్చింది. పైపు బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీ, "తల్లి మీద సుత్తె ఎయ్యలేనమ్మా" అని దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ గోడ పక్కనే పడుకునే నానమ్మకు దగ్గు ఆగలేదు.

వచ్చినవాళ్లకు చాయ్ పోసి పోసి అలసిన అమ్మ, ఒకరోజు నేను గీసిన బర్రె బొమ్మను ఆ మరక మీద అంటించింది.

"గిదేంది చెల్లె, తల్లి మీద బర్రెను పెట్టినవ్?" అంది బాలమణి.

"బర్రె అయితే పాలన్న ఇస్తదక్కా," అంది అమ్మ.

బాలమణి కాసేపు ఆలోచించి బర్రెకే మొక్కింది. మిగతావాళ్లూ మొక్కారు. అంత గొప్పగా గీశానని మురిసిపోయి, నేను ఇంకో రెండు బర్రెలు గీసి పక్కన అంటించాను. వాటి వెనుక గోడ తడుస్తూనే ఉంది. నానమ్మ దగ్గుతూనే ఉంది.

పెద్దయ్యాక ఇలాంటి మూఢనమ్మకాలు వద్దని ఎన్నో సభల్లో వాదించాను. ఎవరి మనసైనా మారిందో లేదో తెలియదు. ఇప్పుడు ఆ ఓపిక లేదు. ఈ రోజే మీ పటం దించండి. గోడకు అరచేయి ఆనించి చూడండి. తడి తగిలితే మేస్త్రీని పిలవండి. అతను మొక్కబోతే చేయి పట్టుకుని ఆపండి.